దీపం ఊగలేదు

మొదటిసారి వచ్చినప్పుడు
భూకంపమే అనుకున్నాను.
వాల్పరైసోలో పుట్టినదాన్ని, అలవాటు:
ఛాతీలో ఏదో కదలగానే
తలెత్తి వంటింటి దీపం వైపు చూశాను.
దీపం ఊగలేదు.
గ్లాసులో నీళ్లు కూడా నిలకడగానే ఉన్నాయి.
అంటే కదిలింది నేల కాదు.

గోనెసంచిలో వేసిన చేపలా
నాలుగుసార్లు ఎగిరిపడింది, ఆగింది.
ఆ ఆగడంలో
చీకట్లో లేని మెట్టు మీద అడుగేసినట్టయింది నాకు.
తర్వాత, ఏమీ ఎరగనట్టు,
తన పని తను చేసుకుంది.

ఒకరోజంతా మెడలో యంత్రం వేలాడేశారు.
స్వెట్టర్ కింద ఐదు తీగలు,
జరిగిందల్లా రాయమని చిన్న పుస్తకం.
రాశాను:
ఆరున్నర. పడవలొచ్చాయి. ముప్ఫై కిలోల మెర్లూసా కోశాను.
పదకొండు. అద్దె గురించి నోల్ఫాతో గొడవ.
రెండు. నూట అరవై రెండు మెట్లెక్కి ఇంటికి.
రాత్రి. ఏమీ లేదు.
కాపలా ఉందని తెలిసిన రాత్రి
ఏ దొంగ వస్తాడు?

కుర్ర డాక్టరు ఉర్రెహోలా పాత గీతలు చూసి
"పై గదులు వణుకుతున్నట్టున్నాయి" అన్నాడు.
ఆ "ట్టు" దగ్గర నా చెవి ఆగిపోయింది.
వీన్యాలో డాక్టరమ్మ సబాత్
అదే కాగితాన్ని కిటికీ వెలుగుకి పెట్టి
"అదనపు దెబ్బలే కావచ్చు, చాలామందికుంటాయి" అంది.
ఆ "ట్టు"కీ ఈ "కావచ్చు"కీ మధ్య
ఇరవై రాత్రులు పడుకున్నాను.
నిద్రపోయానని మాత్రం అనను.

తొడ మొదట్లోంచి సన్నని గొట్టం పంపి
లోపల అల్లరి చేసే చోటు కాల్చేద్దామన్నాడు అతను.
చూద్దాం అంది ఆమె.
ఇద్దరూ కలిసింది ఒక్క మాత్ర దగ్గరే:
నీ వయసుకి, నీ బీపీకి,
రక్తం గడ్డకట్టి తలకెక్కకుండా
అది వేసుకోమ్మా అని.

చేతులు చాపి చూపించాను.
నలభై ఒక్క ఏళ్ల కత్తి,
వేలికో తెల్లగీత.
తెగితే ఆగదా?
ఆగుతుంది. ఆలస్యంగా.

అమ్మకి తలకెక్కింది.
చివరి మూడేళ్లు నన్ను
నా పేరు తప్ప అన్ని పేర్లతోనూ పిలిచింది,
ఒకరోజు కొంగ్రియో, ఒకరోజు సార్డీన్.
నేను పలికేదాన్ని.

మొన్న గురువారం రాత్రి రెండున్నరకి
దీపం ఊగింది.
అలమరలో పింగాణీ పళ్లు నూరింది.
మెట్ల మీద అందరం దుప్పట్లతో, చెప్పుల్లేకుండా.
పై అంతస్తు బెలార్మీనో "ఐదు" అన్నాడు,
వాళ్లావిడ "ఐదున్నర" అంది,
రేడియో ఇంకా ఏమీ అనలేదు.
నేను మణికట్టు పట్టుకుని నిలబడ్డాను.
గబగబా కొట్టుకుంటోంది, కానీ వరుస తప్పకుండా.
భయపడటం దానికింకా సరిగ్గానే వచ్చు.

ఈ ఊళ్లో ఎప్పుడని ఎవరూ అడగరు.
బీరువాని గోడకి బిగిస్తారు,
తలుపు పక్కన బూట్లు పెట్టుకుని పడుకుంటారు.
ఆ మెట్ల మీద నాకేదో తెలిసొచ్చిందని చెప్పను.
చలేసింది, లోపలికొచ్చాను.
బూట్లు తలుపు పక్కన పెట్టాను,
బూట్ల పక్కన మాత్రల డబ్బా.

కాల్చడం ఇప్పుడే వద్దన్నాను.
దొరికిన రోజున మాట్లాడుకుందాం.
అందాకా ఛాతీ చర్మం కింద
చిటికెన వేలిలో సగమంత కాపలాదారు ఉంటాడు,
మూడేళ్లు కునుకు తీయడట.
ఉర్రెహోలా పెదవి విరిచాడు, సంతకం పెట్టాడు.

పక్క బల్ల లౌతారో ఎడమచేతికని
ఉక్కు అల్లిన గ్లవ్ తెచ్చిచ్చాడు.
మాంసం కొట్టువాడిదట,
రెండు వేళ్లు నాకు పొడవు.
మెర్లూసా జారిపోతోంది, ముల్లు చేతికి తెలియడం లేదు.
నోల్ఫా నన్ను చూసి నవ్వి నవ్వి
పొలుసుల చేత్తో కళ్లు తుడుచుకుంది.
ఇవాళ పన్నెండు కిలోలే అయ్యాయి.
రేపు పదిహేను అవుతాయేమో.
మాత్ర రాత్రి ఎనిమిదికి.